ఫిబ్రవరిలో కొన్న చెవి

థండర్ బేలో, రైలు పట్టాల వెనక సందులో
బోర్డు మీద మంచు పేరుకున్న కొట్టు.
ఒరెస్ట్ బాబిక్ సోల్డరింగ్ పుల్ల పక్కన పెట్టి
ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి చూశాడు:
"ఏం వినాలని?"

గొడుగు కొనేవాణ్ణి
ఏ వాన కోసమని ఎవరైనా అడుగుతారా?
"అన్నీ," అన్నాను.

నవ్వలేదు.
అద్దాల బీరువాలోంచి నల్లటిదొకటి తీశాడు.
ఒంటినిండా మీటలు, ఆరువందల యాభై డాలర్లు.
"డిజిటల్ మాటా పడుతుంది దీనికి.
ఏ ఊరు తీసుకెళ్తే ఆ ఊరి లెక్క తనే వేసుకుంటుంది.
పోలీసుల మాట మాత్రం అడగొద్దు.
దానికి తాళం పడింది,
ఆ తాళానికి చెవి ఎవరూ అమ్మరు."

కింది అరలోంచి ఇంకోటి.
అరచేతిలో పట్టేది, ఎవరో వాడి వదిలేసింది,
నడుముకి తగిలించే క్లిప్పు విరిగింది. ఎనభై.
"ఇది పాతకాలపుది. రైళ్ళు వింటుంది,
విమానాలు వింటుంది, ఓడలు..."

ఓడలు అనగానే
నా చెయ్యి నన్నడక్కుండా ముందుకెళ్ళింది.

ముప్పై ఒక్క ఏళ్ళు ధాన్యపు ఎలివేటర్లో పనిచేశాను.
ఓడల కడుపుల్లోకి గోధుమలు పోశాను.
పైన, కెప్టెన్ బొటనవేలంత మనిషి,
చేతిలో రిసీవర్, కదిలే పెదాలు.
ఆ మాట మా మేస్త్రీ గుండె మీది రేడియోకి చేరేది,
మేస్త్రీ దగ్గర్నుంచి మాకు చేతులు మాత్రమే:
ఎత్తితే పొయ్యి, అడ్డం పెడితే ఆపు.
మిగతాదంతా బెల్టు రొద.
నా ఎడమ చెవిని ఆ బెల్టే తినేసింది.
అన్ని ఓడలు నింపాను,
ఒక్క ఓడ గొంతూ ఎరగను.

"ఇది ఫిబ్రవరి," అన్నాడు ఒరెస్ట్.
"సరస్సు గడ్డకట్టింది.
మార్చి ఆఖరుదాకా అక్కడెవరూ నోరు విప్పరు.
అమ్మిన సరుకు వెనక్కి తీసుకోను."
ఎనభై లెక్కపెట్టి ఇచ్చాను.
క్లిప్పు బదులు బూటు తాడు కట్టిచ్చాడు,
ఒక పాఠం ఉచితంగా చెప్పాడు:
"స్క్వెల్చ్ తిప్పేటప్పుడు హోరు ఆగిన చోటే ఆగు.
ఇంకాస్త తిప్పితే హాయిగా ఉంటుంది,
కానీ దూరపు మాట గుమ్మంలోనే చచ్చిపోతుంది."

వంటింటి కిటికీలో పెట్టాను.
ఓడల పదహారో చానెల్, ఖాళీ.
మిగతా వాటిలో, అప్పుడప్పుడూ,
నూట పన్నెండు పెట్టెల బండి తోలేవాడి ఆవలింత,
ఉత్తరాది పల్లెలకి టపా మోసే చిన్న విమానం
గాలి ఎటుందని అడగడం.
మళ్ళీ పదహారు. మళ్ళీ ఖాళీ.

పక్కింటి ఐలీ సారినెన్
ఏలకుల రొట్టె పట్టుకొచ్చి కాసేపు కూర్చుంది.
"నెలకెంత కడుతున్నావు దీనికి?"
ఏమీ లేదన్నాను.
"అదీ సంగతి. ఎవరూ మాట్లాడకపోతే ఏమని వసూలు చేస్తారు!"

ఆమె వెళ్ళాక హోరుతో కూర్చునేవాణ్ణి.
మీట వెంట్రుకవాసి వెనక్కి, వెంట్రుకవాసి ముందుకి.
ఎక్కువ తిప్పేశానేమోనని
రాత్రి రెండింటికి లేచి చూసుకున్న రోజులున్నాయి.

మార్చి ఇరవై ఏడు, ఉదయం ఆరూ నలభై.
గుడ్డు ఉడుకుతోంది.
ఆడగొంతు. జలుబు చేసినట్టుంది.
మంచు పగలగొట్టే ఓడ నుంచి:
"రేడియో పరీక్ష. ఎలా వినిపిస్తున్నాను?"

పెట్టెంతా తడిమాను జవాబిచ్చే మీట కోసం.
లేదు. దీనికి నోరే లేదు,
ఒరెస్ట్ నాకమ్మింది చెవి ఒక్కటే.
"వినిపిస్తోంది," అన్నాను పొయ్యి వైపు తిరిగి.
ఈలోగా రేవులోంచి ఎవడో
"స్పష్టంగా" అనేశాడు, నిద్రమత్తులో.
అంతే. తొమ్మిది సెకన్లు.

గుడ్డు రాయైపోయింది.
స్కానర్ని కుడిచెవి దగ్గర్నుంచి తీసి
ఎడమచెవికి ఆనించుకున్నాను,
ఈసారి వచ్చే మాటలో
బెల్టు ఎంత తిని, ఎంత మిగులుస్తుందో చూద్దామని.