తడి మడత

ఊడ్పులు మొదలైన వారంలో
ఊరేగింపు కారు తొడుగు విప్పితే
మడిచిపెట్టిన టాపు మీద బూడిదరంగు చుక్కలు.
మర్నాటికి చుక్కలు కలిసి ముగ్గయ్యాయి.
ఎవరు పెట్టారో, ఎవరు కలిపారో.

మా పాలకొల్లులో బూజు అనేది ఒక్క మాటే గాని
జాతులు రెండు.
ఒకటి మూలన వేలాడుతుంది, చీపురు చూపిస్తే దిగొస్తుంది.
ఇది దిగదు.
గుడ్డలోకి వేరు దించి
తన పేర కూడా ఓ సెంటు పట్టా ఉన్నట్టు
కూర్చుంటుంది.

కూర్చోక ఏం చేస్తుంది, ఈ గాలిలో?
ఉప్పు గిన్నెలో ఊట ఊరుతుంది.
అగ్గిపుల్ల గీస్తే మెత్తగా నవ్వి ఊరుకుంటుంది.
నాల్రోజులు తొడక్కపోతే చెప్పులు గడ్డం పెంచుతాయి.
తణుకులో రేకు కోయించి గుడ్డ టాపు వేయించిన
పాత హెరాల్డు
ముహూర్తాల్లేని ఆషాఢంలో
రైసుమిల్లు షెడ్డులో ఒంటరిగా ఎన్నాళ్లు తెల్లగుడ్డలా ఉంటుంది?

"బ్లీచింగు కొట్టు, ఒక్క దెబ్బకి పోద్ది"
అన్నాడు మిల్లు కాపలా సత్తిపండు.
నేను సీట్లు కుట్టే కాశింవలి గారిని తీసుకొచ్చాను.
ఆయన కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి
ముందు వాసన చూశాడు, తర్వాత దారం లాగి చూశాడు.
"బ్లీచింగు కుట్టు తినేస్తది.
తెల్లదనం కావాలా, కుట్టు కావాలా?"

ముందు పొడిగా దులపమన్నాడు, ఆరుబయట, ముక్కుకి తువ్వాలు కట్టుకుని.
తడిపి తోమితే విత్తనాలు చల్లినట్టేనట.
కొబ్బరిపీచు పట్టుకుంటే చెయ్యి మీద కొట్టాడు.
అరిగిపోయిన బట్టల బ్రష్షు,
నూడుల్స్ బండి అబ్బులు దగ్గర బదులు తెచ్చిన వెనిగరు సీసా,
దానికి నాలుగింతలు నీళ్లు.
కుట్టు వెంబడే నడవాలి, అడ్డం పడకూడదు.
మధ్యాహ్నానికి పెళ్లికారంతా
బస్టాండు సాయంత్రంలా వాసనేసింది.

మూడో మడత విప్పినప్పుడు
నల్లబడ్డ కనకాంబరాలు రెండు, పసుపు పోయిన బియ్యపు గింజలు,
ఒక చమ్కీ.

అప్పుడు గుర్తొచ్చింది.

జ్యేష్ఠంలో చివరి పెళ్లి, ఆచంట.
మార్కెట్టు మలుపు తిరగ్గానే వాన.
బ్యాండువాళ్లు డప్పులు పొట్టకి హత్తుకుని అరుగులెక్కారు,
జనరేటరు దగ్గి ఆగింది.
నేను దిగి టాపు లాగబోతే
"ఉండనివ్వండి" అంది పెళ్లికూతురు.
హైమవతి. కార్డు మీద చదివాను.
బాసికం రంగు కారి ముక్కు మీదకి జారుతోంది.
పెళ్లికొడుకు కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని
మూడోసారి తీసి జేబులో పెట్టేసుకున్నాడు.
చీకటి వీధిలో, మొదటి గేరులో,
వాళ్లిద్దరి నవ్వు, నా వైపరు.

తెల్లారుజామున షెడ్డుకొచ్చాను.
విప్పి ఆరబెట్టాలని తెలియక కాదు.
ఒళ్లు విరిగిపోతోంది.
తడి మడత మీదే తొడుగు లాగి, గుండీలు నొక్కి, పడుకున్నాను.

ఏ పెళ్లి ఫొటోలోనూ మా టాపు ఉండదు.
వాళ్ల వీపుల వెనక నల్లటి మూట,
దాని మీద ఎవరో పెట్టిన పూలబుట్ట.
ఆ రాత్రి నవ్వు వాళ్లు ఇంటికి తీసుకెళ్లారు.
వాన నా దగ్గర ఉండిపోయింది.

"మచ్చ పూర్తిగా పోదు" అన్నాడు కాశింవలి గారు
చేతులు కడుక్కుంటూ, చాలాసేపు.
"వాసన పోతే చాలు. శ్రావణం దాకా మడవమాకు."

మూడు రోజులకీ కలిపి ఐదు గంటల ఎండ దొరికింది.
ఇప్పుడు షెడ్డులో కారు టాపెత్తి నిలబడింది,
ఇంట్లో గొడుగేసుకుని కూర్చున్న పెద్దమనిషిలా.

నిన్న రాత్రి మళ్లీ పట్టింది.
టార్చి పట్టుకుని వెళ్లి లోపల చెయ్యి పెట్టి చూశాను.
పొడిగానే ఉంది.
ఇరవై రెండేళ్లుగా తోలుతున్నా
వెనక సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు.
కూర్చున్నాను.
వాన షెడ్డు రేకుల మీద పడుతోంది.
తలుపు వేసుకోవాలో లేదో
కాసేపు తేలలేదు.