రెండో ఆట కూడా పోయాక

మొదటి రెండూ పోయినయ్.
చీమకుర్తి క్వారీ గేటు బయట, టీ కొట్టు కాడ,
రాయి దుమ్ము కడుక్కోని చేతుల్తోనే
కబడ్డీ టీముని మళ్ళీ దిద్దుతున్నాం.

ఖాజావలిని పొదిలోళ్ళు తన్నుకుపోయారు,
ఒక పాత బండీ, ఎరువుల కొట్లో గుమాస్తా పనీ చూపించి.
"ఎడం మూల ఖాళీరా" అంటాడు జక్రయ్య.
పన్ను పీకిన చోటికి నాలుక పోయినట్టు
మాట ఎటు తిప్పినా అక్కడికే వస్తాడు.

కొత్త కుర్రాడిది కొండపి. మనిషి రివట.
కూత మాత్రం,
డ్రిల్లు ఆపేశాక కూడా చెవిలో మోగే రకం.
బోనస్ గీత తొక్కకుండానే వెనక్కి ఉరుకుతాడు.
"నెల ఆగండి, ముదురుతాడు."
నిరుడు ఇదే మాట ఎవర్ని అన్నామో
ఎవరం ఎత్తలేదు.

మాల్యాద్రి మామ సిగరెట్ పెట్టె చింపి
ఏడు చుక్కలు పెట్టాడు. ఒకటి కొట్టేశాడు.
ఇంకా పన్నెండు ఆటలుండాయి,
కందుకూరోళ్ళకి మోకాళ్ళు బాలేవు,
టంగుటూరుకి నోరేగానీ కాళ్ళు లేవు,
ఎట్లా లెక్కేసినా మూడోది మనమే!

సైరన్ కూసింది.
టీ డబ్బులు ఖాతాలో రాయమన్నాం.
అట్టముక్క మడిచి హెల్మెట్లో పెట్టుకుని
గుంతలోకి దిగాడు మామ,
ఆరు చుక్కల్తోనే.