కొండకు, ఇంట్లోకి, ఇచ్చేసేవి

శివరాత్రి దాటింది.
చలి "శివశివా" అంటా పొయ్యిందని
మా అత్త కుప్పమ్మ గడపలో కూచుని తీర్పు చెప్పేసింది.
ఇంకేముంది, అటక మీంచి ఇనప్పెట్టె దిగింది,
బకెట్టులో కుంకుడు నురగ లేచింది.

కింద, మా జీవకోనలో, చలంటే
నాలుగు వారాల చుట్టం.
ఫ్యాను ఒకటికి తగ్గించి
కాళ్ళ మీదికి దుప్పటి లాక్కుంటే
దానికి చేసే మర్యాద అయిపోతుంది.
ఈ ఉన్నంతా కొండ మీది కొలువు కోసం కొన్నది.

ముందు నా మెరూను స్వెట్టరు.
నేపాలోళ్ళు రోడ్డు పక్కన తాడుకు వేలాడదీస్తే
ఐదొందలు చెప్పినదాన్ని మూడొందల ఇరవైకి దించినాను.
తొమ్మిదేళ్ళుగా రాత్రి డ్యూటీకి అదే.
కల్యాణకట్ట నీళ్ళు తగిలి తగిలి
ముంజేతుల కాడ అట్టగట్టింది.

తడిపే ముందు ఒక పనుంది.
ఎండలో పరిచి వెంట్రుకలేరాలి.
ఎంత దులిపినా రాలవు,
ఉన్ని పట్టిందాన్ని వదలదు.
ఇది నెరిసింది.
ఇది గోరింటాకు పూసుకున్నది.
ఇది ఉంగరాలు తిరిగి
ఏ ఊరి నూనెతోనో ఇంకా మెరుస్తోంది.
ఇది మరీ సన్నం, తల్లి కడుపులోనే మొలిచింది.
ఎవరి జబ్బు తగ్గిందో,
ఎవరికి ఏం దక్కిందో నాకు తెలీదు.
వాళ్ళు ఇచ్చేసి పొయ్యినారు,
నేను ఇంటికి తెచ్చుకున్నాను.
ఏరిందంతా ఉండ చేస్తే
చింతగింజ కంటే కొంచెం పెద్దది.

లోకేశ్వరి నోటుబుక్కు కాగితం చించి చీట్లు రాసింది:
కొండకు. ఇంట్లోకి. ఇచ్చేసేవి.
దాని టోపీ కోటు అదే ఇచ్చేసే కుప్పలో వేసింది,
చేతులు మోచేతుల దాకే వస్తున్నాయంట.
జిప్పు నేనే కుట్టించినాను కదా అన్నాను.
జిప్పు పెరగదు కదమ్మా అంది.

ఆయన జర్కిను తడపకూడదు, తుడవాలంతే.
జేబులు చూడందే తుడవకూడదని
ఒక నూరు నోటు ఎప్పుడో నేర్పింది.
రెండు టీ కప్పుల బిళ్ళలు, కండక్టరు పెన్సిలు ముక్క,
గుండెమంట మాత్రల అట్ట.
పదిలో తొమ్మిది గుంటలు ఖాళీ.
నాకు చెప్పలేదు.
చెంగల్రాయులు ఘాటు మలుపుల్లో హారను కొడతాడు గానీ
ఇంట్లో కొట్టడు.

"దీన్ని ఎందులో వెయ్యాలమ్మా?"
పసుప్పచ్చ టోపీ, నెత్తిన ఎర్ర కుచ్చు,
నా గుప్పిట్లో పట్టేంత.
ఆ యేడు మార్గశిరం, తెల్లారి మూడు.
తల్లి ఒళ్ళో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే
టోపీ తీసి గట్టు మీద పెట్టింది.
సగం బ్లేడుతో నా పని ఎంతసేపు.
జనం తోసుకొచ్చినారు, వాళ్ళు లేచి పొయ్యినారు.
జుట్టున్నంత సేపూ టోపీ ఉంది.
చలి పుట్టే వేళకు
టోపీ నా దగ్గర మిగిలింది.
తడి చేతులతో వాకిలి దాకా పరిగెత్తినాను.
బయట అన్నీ గుండ్లే, అన్నిటికీ గంధమే.
ఏ తలకని తొడిగేది?

కౌంటరులో ఇస్తే
"టోపీ కోసం ఎవరొస్తారమ్మా" అని నవ్వినాడు.
ఆరేళ్ళు. ఆ బిడ్డ ఈ పాటికి
రెండు జడలేసుకునో, క్రాపు దువ్వుకునో బడికి పోతుంటుంది.
నేను మాత్రం ఏటేటా ఉతికి మడత పెడతాను.
లోకేశ్వరి ఇంకో చీటీ తీసుకుంది,
పెన్సిలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది,
ఏమీ రాయకుండా దాని మీద టోపీ పెట్టింది.

అత్త వేపాకు అంది, నేను కలరా ఉండలన్నాను.
రెండూ వేసినాము.

రాత్రి తొమ్మిదికి చూస్తే
నా స్వెట్టరు తీగ మీద ఇంకా నీళ్ళోడుస్తోంది.
కింద చలి శివశివా అన్నా
పైన ఇంకా ఒక్క "శివ" కూడా అనలేదు.
ఆయన జర్కిను తొడుక్కున్నాను.
భుజాలు జారినాయి, డీజిలు వాసన.
ఆ మాత్రల సంగతి అడగాలి.
ఈపాటికి ఆయన బస్సు దిగొస్తుంటుంది,
నా బస్సు ఎక్కుతోంది,
ఎదురుపడదామంటే
ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు.
కిటికీ మూత పడలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.
మిగిలిన ఒక్క మాత్ర
వేలికి తగులుతా ఉండింది.