మే నెల దాకా

మా ఊళ్ళో జనవరిలో పోయినవాళ్ళని
మే నెలలో పూడ్చేవాళ్ళు.
నార్త్ డకోటా నేల అలాంటిది.
గునపం వేస్తే నిప్పురవ్వ లేస్తుంది గాని
మన్ను లేవదు.

సమాధుల దొడ్డి పక్కన చిన్న రాతిగది,
ఇనుప తలుపు,
లోపల అరల మీద వరసగా పెట్టెలు.
వసంతం కోసం కాచుకున్న విత్తనాల్లా ఉన్నాయని
ఎవరో అంటే నాన్నకి నచ్చలేదు.
"విత్తనాలేమిటి? ఆవిడ ఓర్విల్ వాళ్ళమ్మ.
మోకాళ్ళ నొప్పులుండేవి" అన్నాడు.

శనివారం శనివారం వెళ్ళేవాడు.
చేతితొడుగు తీసి, తలుపు మూడుసార్లు తట్టి
పేర్లు చదివేవాడు,
బళ్ళో హాజరు పిలిచినట్టు, పెద్దగా.
నేను కార్లో హీటరు ముందు ముడుచుకుని
ఆయన పెదాల కదలికని బట్టి లెక్కపెట్టేదాన్ని.
ఆ ఏడు తొమ్మిది మంది.
ఎందుకు నాన్నా, అని అడిగితే
"ఇంత చలిలో ఒక్కరైనా పలకరించకపోతే ఎలా?"
అంతే. ఆయన వేదాంతమంతా అంతే.

ప్రసంగాలు గొప్పవి కావు, అబద్ధమెందుకు.
ధాన్యం కొట్టు బిల్లుల వెనక పెన్సిలుతో రాసుకునేవాడు.
ఒకసారి కాయితం తిరగబడి
"ఓట్స్ నలభై బస్తాలు" అని చదివేశాడు
ప్రభువు బల్ల ముందు నిలబడి.
మూడో వరసలోంచి ఓర్విల్ క్వామ్ "ఆమేన్" అన్నాడు.
చర్చి చర్చంతా మెలకువగా ఉన్న ఆదివారం
నాకు తెలిసి అదొక్కటే.

ఆయన చేతికి ఎముక లేదని అమ్మ సణిగేది.
మా బొగ్గు, మా బంగాళాదుంపలు, నా పాత కోటు,
అన్నీ ఎవరింటికో నడిచిపోయేవి.
ఒక మార్చిలో విధవరాలు టిల్డా గుమ్మంలో మంచు తీస్తూ
జారిపడి మణికట్టు విరిగితే,
డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూపించాడు.
అమ్మ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వంగి
"అరె, ఉన్నాయే!" అంది.

బూట్లు ఎప్పుడూ వీధివైపు తిరిగి ఉండేవి.
నా పదో పుట్టినరోజున
కేకు మీద కొవ్వొత్తులు అమ్మ రెండుసార్లు వెలిగించి
రెండుసార్లు ఆర్పింది.
మూడోసారి నేనే ఊదేశాను.
తెల్లవారుజామున వచ్చాడు నాన్న,
కోటు విప్పకుండా, నిలబడే, ఎండిన ముక్క తింటూ
"లండీన్ల పసిపాప. బతకదన్నారు.
టీ చెంచాతో బాప్తిస్మం ఇచ్చాను.
పేరేమిటంటే వాళ్ళు ఏడుస్తున్నారు,
నాకేమీ తోచక నీ పేరిచ్చాను" అన్నాడు.
వారం రోజులు మాట్లాడలేదు నేను.

ఆ పాప బతికింది.
ఇప్పుడు మా ఊరి పోస్టాఫీసులో
స్టాంపులు అమ్ముతుంది.
నన్ను చూస్తే నోరారా నవ్వుతుంది.
నాకు మాత్రం ఈనాటికీ కాస్త కోపమే.

నాన్న ఫిబ్రవరిలో పోయాడు.
గునపం వేశారు. నిప్పురవ్వలు లేచాయి.
పాస్టర్ ఆర్విడ్ నెస్‌హైమ్‌ని
కింది అరలో, ఎడమవైపు పెట్టి తాళం వేశారు.

శనివారం అమ్మ కారు తీయమంది.
చేతితొడుగు తీయలేదు. మూడుసార్లు తట్టలేదు.
పిడికిలితో దబదబా బాదింది,
నలభై మూడేళ్ళు అన్నం చల్లార్చుకుని
కూర్చున్న మనిషి బాదినట్టు.
"ఇప్పుడు ఎక్కడికీ పోలేవుగా, విను" అంది.
చర్చి ఫర్నేసు మళ్ళీ చెడిందని చెప్పింది,
గోధుమ ధర పడిందని,
కొత్త కుర్ర పాస్టరు పన్నెండు నిమిషాల్లో ముగిస్తాడని,
అందరికీ అదే ఇష్టంగా ఉందని,
తనకి లేదని.

తిరిగొచ్చి కారు తలుపు మీద చెయ్యి వేసింది.
ఆగింది.
మంచులో తన అడుగుల మీదే అడుగులేస్తూ
వెనక్కి వెళ్ళి, తొడుగు తీసి,
లోపలున్న మిగతా ముగ్గురి పేర్లూ
ఒక్కొక్కటీ, పెద్దగా చదివింది.