మూడో విజిల్ దాకా

గాస్కెట్ మార్పించుకుని రావాలి, అంతే పని.
అరపూట సెలవులో అరగంట దానికి,
మిగతాది కరెంటు బిల్లుకీ, కాసేపు నడుం వాల్చడానికీ
అని పొద్దున్నే వాటాలు వేసేసుకున్నాను.

చిలకలగూడలో, రైలు వంతెన మెట్లు దిగితే ఎడమ పక్క
తలుపు లేని కొట్టు, గఫార్ సాబ్‌ది.
పైనుంచి వేలాడే పిడులు, మూతలు, ఒంటి చెవి కడాయిలు,
వాటి నడుమ ఆయన, ముక్కు మీదికి జారిన అద్దాలు.
సంచిలోంచి నా కుక్కర్ని తీసి
బడినుంచి వచ్చిన పిల్లాడి గడ్డం పట్టి చూసినట్టు
అటూ ఇటూ తిప్పాడు.
"ఎన్నేండ్లయింది?"
పదకొండు.
"మస్తు పని చేసింది పాపం," అన్నాడు.
దాని గురించేనా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది.

కొత్త గాస్కెట్ పడింది. పర్సు తీశాను.
"ఆగమ్మా. ఉట్టి నీళ్లు పోసి చూస్తే కుక్కర్ అబద్ధం చెప్తది.
పప్పు ఏస్తేగాని నిజం కక్కదు."
బల్ల కిందినుంచి డబ్బా లాగి
రెండు గుప్పెళ్ల కందిపప్పు కడిగాడు.

అప్పుడర్థమైంది: ఆయన మధ్యాహ్నం భోజనం అది.
రిపేరుకొచ్చిన ప్రతి కుక్కరూ
ఈ కొట్లో ఒక పూట పొయ్యెక్కే దిగుతుందన్నమాట.
కోపం వచ్చింది, దాచుకోను.
ఫోను తీసి టైము చూశాను,
ఆయనకి కనపడేలా, రెండుసార్లు.

ఎదురు పంక్చర్ కొట్టు కుర్రాడు పోశెట్టి
గ్రీజు అంటని రెండు వేళ్లతో
నాలుగు పచ్చిమిరపకాయలు పట్టుకొచ్చాడు.
చీరలకి ఫాల్స్ కుట్టే అనసూయమ్మ
టమాటాలు కొంగున తుడుస్తూ వచ్చి
"ఇయ్యాల ఎవరి కుక్కరు?" అంది.
నాది, అన్నాను.
అన్నాక కొంచెం గర్వంగా కూడా అనిపించింది, ఎందుకో.

మొదటి విజిల్. గోడ మీది పిల్లి దిగి పోయింది.
రెండోదానికి మాటలాగాయి.
మూడోదాని కోసం
ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావాల్సినట్టు
అందరం దాని వంకే చూస్తున్నాం.
అది ఆలస్యం చేసింది. గొంతు సవరించుకుంది.
తర్వాత ఎంత గట్టిగా కూసిందంటే
మెట్ల మీద ఎవరో "అరే, బండి వచ్చేసింది" అని పరుగెత్తారు.
నవ్వాను. పరిచయమై పావుగంట కాని
అనసూయమ్మ భుజం పట్టుకుని నవ్వాను.

సగం రొట్టె, దాని మీద గరిటెడు పప్పు.
ఉప్పు తక్కువైంది. ఒక మిరపకాయ చితకనే లేదు.
కానీ పదకొండేళ్లలో
ఈ కుక్కర్ మూత తీయగానే మొదటి ముద్ద
నా చేతికి రావడం ఇదే.
ఎవరికి చాలిందో, ఎవరికి మిగలాలో చూడకుండా,
నిలబడకుండా,
ఇనప స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని
నోరు కాలేంత వేడిగా.

"గాస్కెట్ నూట ముప్పై," అన్నాడు గఫార్ సాబ్.
ఇచ్చాను. పది రూపాయలు వాపసిచ్చాడు.
ఇదేంటి?
"కిరాయి. నీ కుక్కర్ల వండుకున్నం గద."
వద్దంటున్నా నోటుని మడిచి సంచిలో పడేశాడు.
ఏదో అనాలని నేను మాటలు కూడదీసుకునేలోపు
ఆయన వేరెవరిదో ఫ్యాను రెక్కని
సుత్తితో బుజ్జగిస్తున్నాడు.

బస్సులో జీరో టికెట్టు, కిటికీ సీటు.
ఒళ్లో కుక్కరు ఇంకా వెచ్చగా ఉంది,
ఆ వేడి కుచ్చిళ్లలోంచి మోకాళ్లకి దిగుతోంది.
పక్కావిడ గాలి పీల్చి, "ఏం వండుకొస్తున్నరు?" అంది.
పప్పండీ, అన్నాను.
మా వాళ్లు వండారు.

కరెంటు బిల్లు కట్టలేదు. నడుమూ వాల్చలేదు.
రబ్బరు ముక్కకి ఇంత సేపా, అన్నారు ఇంట్లో.
మూత తీసి వాసన చూపించాను.
అంచుకి ఒక పసుప్పచ్చ బద్ద
ఇంకా అంటుకునే ఉంది.
తోమడం రేపు చూద్దాం.