గుంత మీది మూత

శాంత మేడం అచ్చేదాక మాకు తెల్వదు
మా ఇంట్ల ఇన్ని మూలలున్నయని.

మూడు రోజుల ముందే సున్నమేసినం.
పగిలిన అద్దం అటకెక్కింది.
మా ఆయన సారంగపాణి
బీడీకట్టను బియ్యం డబ్బల దాచిండు.
నేను తీసి మళ్ల బల్ల మీద పెట్టిన.
అబద్ధం తోటి పిల్లను తెచ్చుకుంటమా?

కొత్తవాడ గల్లీల స్కూటీ ఆపి
ముందుగాల పక్కింటోళ్లతోటి మాట్లాడింది.
పరదా ఎనుక నేను ఊపిరి బిగవట్టిన.
మొన్న నల్లా కాడ కొట్లాడింది వాళ్లతోనే.
ఏం చెప్పిండ్రో ఇప్పటికీ తెల్వదు.

తర్వాత కాయితాలు.
ఆధారు, పెండ్లి ఫొటో, బ్యాంకు బుక్కు,
డాక్టరు చీటి, సొసైటీ రాసిచ్చిన ఆదాయం లెక్క.
పదమూడేండ్ల కాపురం ఒక్క సంచిల పట్టింది.
గవన్నీ తొందరగనే చూసింది.
తొందర పడనిది బాత్రూం గొళ్లెం కాడ:
పిల్ల లోపల గొళ్లెం పెట్టుకుంటే
బయటికెళ్లి ఎట్ల తీస్తరు?
నీళ్లు నమిలిన.

ఇద్దర్ని ఏరుగ అడిగింది.
నన్ను వంటింట్ల.
"పిల్ల ఎందుకు గావాలె?"
తయారు జేసుకున్న జవాబు ఒకటుండె.
నా నోట్లెకెళ్లి ఇంకోటి అచ్చింది:
"కూరగాయలు తెచ్చేటప్పుడు
తొవ్వ పొడుగూత ఎవలికో చెప్పుకుంట నడుస్త మేడం.
గిది బీరకాయ, గిది కాకరకాయ,
అదిగో కాజీపేట దిక్కు రైలు కూసిందని.
పక్కన ఎవలుండరు."
పెన్ను ఆగింది. రాసుకున్నదో లేదో.

"పెద్దగయినంక, నన్ను కన్నదెవలని అడిగితే?"
"చెప్త."
"ఏమని?"
చెప్తననుడు అల్కగనే ఉన్నది.
ఏమని అన్న కాడ పోగు తెగింది.
"తెల్వదు మేడం. నేర్చుకుంట."
నెగ్గిన్నో ఓడిన్నో.

గోడ అవతల సారంగపాణి వంతు.
"కోపమస్తే ఏం జేస్తవన్నా?"
"మగ్గం దిగుత."
"దిగి?"
"బయట నిలవడ్త.
కోపంల నేస్తే దెబ్బ గట్టిగ పడ్తది,
అంచు గుంజుకపోతది.
ఒకపాలి దిగకుంట నేసిన.
గా షత్రంజి ఎవలూ కొనలే.
ఇప్పుడు మీరు కూసున్నది దాని మీదనే."

ఎన్నేండ్లు పండుకున్న దాని మీద!
అంచు వంకర, దారం తప్పనుకున్న.
నాకు చెప్పని ముచ్చట
కొత్త మనిషికి చెప్పిండు.
వంటింట్ల స్టవ్వు మీద చాయ పొంగిపోయింది.

పోయేముందు మేడం మగ్గం అర్రల నిలవడ్డది.
గుంట మగ్గం.
మా మామ కాళ్లు, మా ఆయన కాళ్లు
అరగదీసిన గుంత. నడుం లోతు.
"పాకే పిల్లకు ఇది బాయి" అన్నది.
మెల్లగనే అన్నది.

ఒగల మొఖం ఒగలం చూసుకున్నం.
మాకు బువ్వ పెట్టిన గుంత అది.
గా తీరుగ ఎన్నడూ చూడలే దాన్ని.

వడ్ల రాజమౌళి తోటి మూత చేపిచ్చినం.
కొత్త కర్ర కాదు, పాత తలుపు చెక్క,
పట్టుకునేటందుకు రెండు పిడులు.
మళ్లచ్చినప్పుడు మేడం
చెప్పులిడిసి దాని మీదికెక్కి
చిన్నపిల్ల లెక్క ఒక్కసారి ఎగిరి చూసింది.
నవ్వుకుంట రాసుకున్నది.

రిపోర్టు పోయింది.
వరుసల ఎక్కడనో మా నంబరున్నది.
నంబరు ముందుకు జరిగిందో లేదో చూసుడు,
మళ్ల చూసుడు.
ఫోను చార్జింగు దిగనియ్య.

పది నెలలాయె.
రోజూ మాపటికి, పని కాంగనే
సారంగపాణి గుంతకు మూతేస్తడు.
ఎవలున్నరని గీ జాగ్రత్త అంటే ఇనడు.
పొద్దుగాల తీసేటప్పుడు
ముందు ఒక పిడి, తర్వాత ఇంకో పిడి,
సప్పుడు కాకుంట లేపుతడు,
పండుకున్నోళ్లు లేస్తరన్నట్టు.