రెండో ముద్రణకి సవరణలు

మొదటి ముద్రణ ఐదొందల కాపీలు.
నూట ఎనభై ఇంకా నా మంచం కిందే ఉన్నాయి.
మిగతావి పట్నంబజారు వైరు కొట్లలో
ఇన్సులేషన్ టేపు చుట్టల పక్కన కూర్చుని అమ్ముడుపోయాయి.
వెల ముప్పై రూపాయలు.
చొక్కా జేబులో టెస్టరు పక్కన పట్టాలని
కొలిచి మరీ కోయించాను.

రాసింది మిర్చి యార్డులో కమీషను కొట్ల బిల్లు కాగితాల వెనక.
ముందువైపు టిక్కీల లెక్క, తరుగు, హమాలీ కూలి.
వెనకవైపు ఫేజు, న్యూట్రలు, ఎర్తు.
రాస్తుంటే తుమ్ములొచ్చేవి.
కారం కాగితంలోకి కూడా ఇంకుద్ది,
మోటారు వైండింగులోకి ఇంకినట్టే.

అరండల్‌పేటలో డీటీపీ చేసే హేమసుందరి
నా మాటలకి పట్టుబట్టలు కట్టింది.
"షాకు కొట్టుద్ది" అని నేను రాస్తే
"విద్యుదాఘాతం సంభవించును" అని కొట్టింది.
అమ్మా, నిచ్చెన మీదున్నోడికి
అంత పొడుగు మాట చదివే తీరిక ఉండదు,
"చచ్చిపోతావు" అని పెట్టు, అన్నాను.
కీబోర్డు మీద చేతులు ఎత్తి కాసేపు అట్లాగే ఉంచింది.
"పుస్తకంలోనా?"
పుస్తకంలోనే.

నా పాఠకులు నాకు తెలుసు.
ఏటుకూరు రోడ్డు కోల్డు స్టోరేజీల్లో రాత్రి డ్యూటీ వాళ్లు,
ఏడో తరగతిలో బడి వదిలి డ్రిల్లింగు మిషను పట్టుకున్నవాళ్లు,
ఒత్తక్షరం వస్తే వేలు పెట్టుకుని ఆగేవాళ్లు.
వాళ్ల కోసమే ఎర్తుని ఎర్తనే అన్నాను.
బొమ్మలు నేనే గీశాను,
స్కేలు కనపడనప్పుడు హాక్సా బ్లేడు ఆనించి.

కాపీలు తిరిగొస్తుంటాయి, గ్రీజు వేలిముద్రలతో.
ఇరవై రెండో పేజీలో నేనన్నది:
ఎర్తు గుంటలో ఉప్పూ బొగ్గూ వెయ్యాలి,
ఎండాకాలం రోజూ బిందెడు నీళ్లు పొయ్యాలి,
మన నల్లరేగడి నెర్రెలిచ్చిందా, ఎర్తు లేనట్టే.
దాని పక్కన ఎవరో పెన్సిలుతో:
"తాగటానికే లేవు. పోసేదెవరు గురువుగారూ?"
జవాబు నాకింకా దొరకలేదు.
ఈసారి ఆ ప్రశ్న కూడా అచ్చేయిస్తున్నాను.

ఇక యాభై ఎనిమిదో పేజీ.
ఒక కొట్టులో ఒక ఎలక్ట్రీషియను
చేంజోవరు స్విచ్చి దండగనుకుని
రెండు కొసలకీ పిన్నులున్న వైరుతో
జనరేటరుని గోడ ప్లగ్గులోకి గుచ్చాడు.
కరెంటు వెనక్కి నడిచి స్తంభం ఎక్కింది.
లైను ఆపుకుని పైన పనిచేస్తున్న మనిషి కింద పడ్డాడు.
అప్పుడు చినుకులు పడుతున్నాయి.
ఇంతే రాశాను. పేర్లు పెట్టలేదు.

పోయిన నెల యోహాను వచ్చాడు.
కుడిచేతికి మూడు వేళ్లు. ఆ మూటితోనే పేజీ తిప్పి చూపించాడు.
"బానే రాశావు.
కానీ ఆరోజు చినుకుల్లేవు మీరావలీ.
ఎండ మాడిపోతంది.
పైనుంచి చూస్తే మీ కొట్టు ముందు ఆరబోసిన కాయలు
ఎర్రగా, ఎంత దూరమో."

టీ తాగాడు. చక్కెర తక్కువైందన్నాడు.
వద్దంటున్నా ముప్పై చేతిలో పెట్టి ఒక కాపీ తీసుకున్నాడు.
అల్లుడికట. కొత్తగా లైను పనిలో చేరాడట.

పదకొండేళ్లు.
ఆ వాన ఎక్కణ్ణించి తెచ్చానో నాకు తెలుసు.
తడి ఉందంటే
తప్పులో సగం తడి మీదకి పోద్ది.

ఇవాళ పొద్దున్నే హేమసుందరి దగ్గర కూర్చున్నాను.
చినుకులు తీసెయ్యమ్మా. ఎండ అని పెట్టు.
"ఒక ఎలక్ట్రీషియను" తీసెయ్.
నేను అని పెట్టు.

నావైపు చూడలేదు. కొట్టింది.
లైను కురచయింది, కిందవి పైకి జరిగాయి,
పేజీ అడుగున రెండు వేళ్ల చోటు మిగిలింది.
"స్విచ్చి బొమ్మ పెద్దది చెయ్యనా?"
చెయ్యి.
పిడి ఎటు తిప్పాలో కనపడేట్టు.